పైన బామ్మర్ది, లోపల బావ

2023 వానాకాలం. పటాన్‌చెరు నుంచి కర్దనూర్ వెళ్లే దారిలో, ఒకప్పుడు ప్లాస్టిక్ డబ్బాల గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో మా ట్రైనింగ్ సెంటర్ నడిచేది. ఫ్యాక్టరీల్లో ట్యాంకులు, రసాయనాలు ఉడికించే రియాక్టర్లు కడిగే కాంట్రాక్టు మనుషులకు పని నేర్పి, కార్డు ఇచ్చి పంపేవాళ్లం. కార్డు మీద రెండు సంతకాలు ఉండాలి. ఒకటి సేఫ్టీ ఆఫీసర్ స్రవంతి మేడంది. రెండోది నాది. నేను ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు చదవడం బొల్లారం ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు మోస్తూ, వాటి మీద పుర్రె బొమ్మ కింద రాసిన మాటలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. చదవడం రాకపోతే చచ్చే చోటు అది.

నేను ఎక్కువ కాలం చేసిన పని పేరు హోల్ వాచ్. ట్యాంకు లోపలికి ఒక మనిషి దిగితే, పైన మనిషి దిగే కంత, అంటే మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి అతన్ని కనిపెట్టుకుని ఉండే పని. లోపలివాడి ఒంటికి హార్నెస్ అనే పట్టీలు ఉంటాయి. పట్టీలకు తాడు, తాడుకు పైన వించ్ ఉంటాయి. వించ్ అంటే చేత్తో తిప్పి మనిషిని పైకి లాగే చక్రం. లోపలివాడు పలకకపోతే హోల్ వాచ్ చేయవలసినవి రెండు: కేక వేసి మనుషుల్ని పిలవాలి, వించ్ తిప్పాలి. చేయకూడనిది ఒకటే. తాను లోపలికి దిగకూడదు.

ఇందులో అర్థం కానిది ఏముందని మీరు అడగవచ్చు. రియాక్టర్‌లో మంట పుట్టకుండా నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట పెట్టదు, కాని ఊపిరికి కావలసిన గాలిని తోసేస్తుంది. లోపల అది కాస్త మిగిలిపోయినా, పక్క పైపులోంచి జారివచ్చినా, పనిచేసే మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలబడతాడు. పైనుంచి చూసేవాడికి కళ్లు తిరిగి పడ్డట్టు కనిపిస్తుంది. నీళ్లు చల్లి భుజం తడితే లేస్తాడనిపిస్తుంది. అలా అనిపించి దిగినవాడు అతని మీదే పడతాడు.

నా కుర్రతనంలో బొల్లారంలో ఒక మేనమామ అలాగే దిగాడు. లోపల పడింది మేనల్లుడు. మేనమామ చెప్పులు విడిచి, మ్యాన్‌హోల్ పక్కన జతగా పెట్టి మరీ దిగాడు. గడప దగ్గర చెప్పులు విడిచే అలవాటు అంత తొందరలోనూ పోలేదు. మరునాడు పేపర్లో 'ప్రాణాలకు తెగించిన మేనమామ' అని రాశారు. దండలు వేశారు. ఆ మ్యాన్‌హోల్ మీద వించ్ ఎందుకు లేదని రాసినవాడు ఒక్కడు లేడు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఆరలేదు. ఆరకూడదు కూడా.

ఇక ఈ ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. ట్యాంకు కడిగే గుంపుల్లో హోల్ వాచ్‌గా లోపలికి దిగేవాడి సొంత మనిషినే పెడతారు. అన్న దిగితే తమ్ముడు, మామ దిగితే అల్లుడు. పరాయివాడైతే బీడీ తాగుతూ కూర్చుంటాడు, ఇంటివాడైతే కన్ను ఆర్పడని నమ్మకం. కాంట్రాక్టర్లకూ ఇదే ఇష్టం, ఇళ్లలో ఆడవాళ్లకూ ఇదే ధైర్యం. కన్ను ఆర్పడు, నిజమే. ఆ కన్ను ఆర్పనివాడే ముందు దూకుతాడు. ఈ మాట చెప్పి చెప్పి నా నోరు నొచ్చిందే తప్ప విన్నవాడు లేడు.

ఆ రోజుల్లో ఒక పొద్దున షెడ్డుకు వెళ్లేసరికి, మేము పని నేర్పే సినిమాలు చూపించే పెద్ద టీవీ ముందు స్రవంతి మేడం కూర్చుని వీడియో గేమ్ ఆడుతోంది. తెరంతా నల్లని నీలం. నీళ్లలో చిన్న జలాంతర్గామి ఒకటి దీపం వేసుకుని రాళ్ల మధ్య పోతోంది.

నాకు ఒళ్లు మండింది. "మేడం, ఇది ట్రైనింగ్ సెంటరా, జాతరనా? రేపటి సంది పేకపత్తాలు గూడ తెస్తరా?"

"అంకుల్, కోపం చెయ్యకండి. జెర ఐదు నిమిషాలు చూడండి," అంది. ఆమెది సంగారెడ్డి. చదువుకున్న పిల్ల, పొగరు లేని పిల్ల. "మనోళ్లు నోటి పరీక్షల అన్నీ కరెక్టు చెప్తరు. చేతులు ఏం చేస్తయో చూడాలె గద."

ఆట ఇద్దరిది. ఒకరు జలాంతర్గామిలో సముద్రం అడుగుకు వెళ్లి గుహలు, మునిగిన ఓడలు వెతుకుతారు. రెండోవాళ్లు పైన ఓడలో ఉంటారు. కిందివాళ్లకు మిగిలిన ఆక్సిజన్ ఎంతో పైవాళ్ల తెరలో పచ్చటి పట్టీగా కనిపిస్తుంది. జలాంతర్గామికి ఓడ నుంచి తాడు ఉంటుంది. రిమోట్ మీది చిన్న పుల్లను బొటనవేలితో గుండ్రంగా తిప్పుతూ ఉంటే తాడు చుట్టుకుంటుంది. ఓడ మీద రెండో జలాంతర్గామి కూడా ఉంటుంది, తాడు లేనిది. ఒక్క మీట నొక్కితే అది నీళ్లలో దిగుతుంది. అడుగున కొన్ని చోట్ల నీళ్లు చెడ్డవి. రంగు మారదు, గుర్తేమీ ఉండదు. అందులోకి వెళ్లిన జలాంతర్గామి దీపం ఆరిపోతుంది, యంత్రం ఆగిపోతుంది.

చూస్తూ చూస్తూ నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. ఈ ఆట చేసినవాడు ఏ దేశంవాడో గాని, బొల్లారం చూసి చేసినట్టుంది అనుకున్నాను.

ఆ వారమే కాంట్రాక్టర్ ఇద్దరిని పంపాడు. ఆంజనేయులు, రమేశ్. కొండాపూర్ మండలం పల్లెవాళ్లు, కర్దనూర్‌లో కిరాయికి ఉంటున్నారు. రమేశ్ అక్క సుజాత ఆంజనేయులు భార్య. ఆంజనేయులు లోపలికి దిగేవాడు, రమేశ్ హోల్ వాచ్. బొల్లారంలో ఒక పెద్ద రియాక్టర్ తెరవబోతున్నారు, కార్డులు జల్దీ కావాలన్నాడు కాంట్రాక్టర్.

నోటి పరీక్షలో రమేశ్ ఒక్క తప్పు చెప్పలేదు. తర్వాత ఇద్దరి చేతికీ రిమోట్లు ఇచ్చాం. మిగతా మనుషులు వెనక మూగారు.

"దిగుత గని, నీ చేతుల పానం పెడుతున్న బామ్మర్ది," అన్నాడు ఆంజనేయులు. "మొన్న బండి నీ చేతుల పెడితే మోరీల వేసినవ్."

"మోరీనే మీదికొచ్చింది బావా, నేను పోలే."

ఆంజనేయులు కిందికి పోతూ పోతూ ఓడ శిథిలం దగ్గర మెరిసే గవ్వలు ఏరడం మొదలుపెట్టాడు. "అగో, ఎట్ల మెరుస్తున్నయో సూడు. మీ అక్కకు దండ చేపిస్త."

"గవ్వల దండ తెస్తే అక్క నిన్ను ఇంట్లకు రానియ్యది. జెర పక్కకు జరుగు, తాడు రాయికి తాకుతుంది."

బాగానే చూస్తున్నాడు. నిజంగానే మంచి హోల్ వాచ్ లక్షణాలు. నేను లోపల కొంచెం చల్లబడ్డాను. అప్పుడు జలాంతర్గామి గుహలోకి మలుపు తిరిగింది, దీపం ఆరింది. కింది తెర నల్లబడింది. పచ్చటి పట్టీ ఎర్రబడుతోంది.

"బావా!" అని అరిచాడు రమేశ్. "బావా, పలుకు!"

"నీ పక్కకే ఉన్న గదరా!" అన్నాడు ఆంజనేయులు నవ్వుతూ, భుజానికి భుజం తగిలేంత దగ్గర కూర్చుని.

రమేశ్ వినలేదు. వెనక నుంచి బీహార్ మనిషి ఒకడు, "అరే, రస్సీ ఖీంచ్ నా భాయ్!" అని, తాడు లాగమని కేకవేశాడు. అదీ వినలేదు. తాడు వైపు చూడనైనా చూడకుండా మీట నొక్కాడు. రెండో జలాంతర్గామి నీళ్లలోకి దూకి, అదే గుహలోకి పోయి, అదే నీళ్లలో దీపం ఆర్పుకుంది.

అందరూ గొల్లున నవ్వారు. మేడం నవ్వలేదు.

"రమేశ్, హోల్ వాచ్ చెయ్యకూడనిది ఏంది?"

"లోపలికి దిగుడు, మేడం."

"మరి ఇప్పుడేం చేసినవ్?"

"గది గేమ్ మేడం. నిజంగైతే దిగుతనా?"

మళ్లీ ఆడించాం. ఈసారి ముందే చెప్పి కూర్చోబెట్టాం. దీపం ఆరింది. వేలు వించ్ మీద పెట్టాడు, రెండు చుట్లు తిప్పాడు, తాడు నెమ్మదిగా కదులుతోంది. "ఇట్ల కాదు, ఇట్ల కాదు" అంటూ మళ్లీ మీట నొక్కాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా అంతే. చివరికి నవ్వేవాళ్లు కూడా నవ్వడం మానేశారు.

ఆటలో, పోయేదేమీ లేనప్పుడే ఆగని వేలు, నిజం మ్యాన్‌హోల్ దగ్గర ఆగుతుందా?

"నువ్వు ఆడు తాతా, ఎట్ల ఆడాల్నో చూపియ్యి," అన్నాడు రమేశ్ రోషంగా.

సరేనని కూర్చున్నాను. మేడం కిందికి వెళ్లింది. ఆమె దీపం ఆరగానే నేను వించ్ తిప్పడం మొదలుపెట్టాను. నా బొటనవేలికి వాతం. పుల్ల జారుతోంది. అయినా ఆపలేదు. జలాంతర్గామిని ఓడ దాకా తెచ్చాను. కాని పట్టీ అప్పటికే ఖాళీ అయింది. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"చూసినవా తాతా," అన్నాడు రమేశ్. "రూల్ ప్రకారం సంపినవ్."

నాకు మండిపోయింది గాని, ఏమని తిట్టను? వాడన్నది అబద్ధం కాదు. పైన ఉండిపోతే మనిషి తప్పక బతుకుతాడని నేను ఎవరికీ హామీ ఇవ్వలేను. ఒక్కడు పోయే చోట ఇద్దరు పోకుండా ఉంటారు, అంతే. ఈ లెక్క కాగితం మీద రాయడానికి బాగుంటుంది. బావ లోపల పడి ఉన్నప్పుడు బామ్మర్దికి ఎలా చెప్పేది?

కార్డు మీద సంతకం చేయనన్నాను. ఆంజనేయులుకు పైన వేరే మనిషిని పెట్టమన్నాను. కాంట్రాక్టర్ మోటార్ సైకిల్ మీద ఎగిరివచ్చాడు.

"ఏంది పెంటయ్యా, ముసలోనివని ఊకుంటే నెత్తిన కూసుంటున్నవ్? ఇంటోడు చూడకుంటే ఇంకెవడు చూస్తడు?"

"ఇంటోడు గనుకనే వద్దంటున్న."

"వీడియో గేమ్‌ల ఓడిపోయిండని కార్డ్ ఇయ్యవా? నలుగురు ఇంటే నవ్వుతరు."

"నవ్వనియ్యి. ఇద్దర్ని మోసే పనైతే నువ్వు నవ్వవు."

మేడం నా పక్కనే నిలబడింది. అతను గొణుగుతూ వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం సుజాత వచ్చింది. సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ పని, ఒంటిమీద ఆ నీలం కోటు అలాగే ఉంది. వెనకే మొగుడు, తమ్ముడు తల వంచుకుని నిలబడ్డారు.

"తాతా, నా తమ్ముడు పైన లేకుంటే మా ఆయనను నేను లోపలికి దిగనియ్య. ఆ గుంపుల నాకు వేరేటోళ్ల మీద నమ్మకం లేదు. నువ్వు సంతకం పెట్టకుంటే ఇద్దరి పని పోతది. పెట్టు."

మేడం ఆమెకు ఏమీ బోధించలేదు. కుర్చీ చూపించి చేతికి రిమోట్ ఇచ్చింది. "అక్కా, మీ తమ్ముని జాగల మీరు కూసోండి. మీ ఆయన కిందికి పోతడు."

సుజాత అంతకుముందు ఫోన్లో కూడా ఆట ఆడినట్టు లేదు. రెండు చేతుల్తో రిమోట్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. పుల్ల ఎలా తిప్పాలో, మీట ఏం చేస్తుందో నేర్పాం. ఆంజనేయులు కిందికి పోయాడు. గవ్వల జోలికి పోలేదు, సరదా లేదు. గుహ మలుపులో దీపం ఆరింది.

"అయ్యో," అంది సుజాత. వించ్ తిప్పడం మొదలుపెట్టింది. "తాగకున్నా తూలుతవ్, సూసుకుంట పోరాదు" అంటూ పక్కనే ఉన్న మొగుణ్ని తిడుతూ తిప్పుతోంది. పట్టీ ఎర్రబడింది. తాడు మెల్లగా వస్తోంది.

రమేశ్ ఆగలేకపోయాడు. "అక్కా, గట్ల రాదు! రెండోది దించు! గా మీట ఒత్తు!" ఆమె వినకపోయేసరికి వంగి తానే మీట మీద వేలు పెట్టబోయాడు.

సుజాత ఆ చేతిమీద ఫట్టున కొట్టింది. "నువ్వు గూడ పోతవా?"

"బావ పోతుంటే?"

"బావ పోతుంటే నువ్వు గూడ పోతవారా? నేనెవరి మొహం చూసి ఏడ్వాలె?"

"బావను లోపల ఇడిసి, నేనొక్కణ్ణి ఇంటికెట్ల వస్తనక్కా? ఏం మొహం పెట్టుకొని వస్త?"

"నీ మొహం పెట్టుకొనే రా. నాకు నువ్వన్న కావాలె. ఇనవడ్డదా? నువ్వు బయటనే ఉండు. ఏమైనా సరే బయటనే ఉండు. నేనే చెప్తున్న."

తెర మీద ఏమైందో ఆ తర్వాత ఎవరూ చూడలేదు. ఆంజనేయులు రిమోట్ ఒళ్లో పెట్టుకుని, "ఉండురా, అక్క చెప్తుంది గద," అన్నాడు నేల చూపులు చూస్తూ. రమేశ్ గోడవైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

వాడి వేలు ఎందుకు ఆగడం లేదో నాకు అప్పుడు తెలిసింది. చావంటే భయం లేక కాదు, రూలు తెలియక కాదు. అక్క ముందుకు ఒంటరిగా వెళ్లి నిలబడటమంటే భయం. ఆ భయాన్ని నేను ఎన్ని పాఠాలు చెప్పినా తీయలేను. తీయగలిగింది ఆ అక్క ఒక్కతే.

ఆ సాయంత్రం రమేశ్ మళ్లీ ఆడాడు. పెదవి కొరుక్కున్నాడు, కాని వేలు వించ్ మీదినుంచి తీయలేదు. మరోసారి, మరోసారి ఆడించాం. తీయలేదు. సంతకం పెట్టాను. పెట్టి కూడా నిద్రపట్టలేదు. ఆట ఆటే కదా అని ఈసారి నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

కొత్త కార్డు తీసుకున్నవాళ్ల మొదటి పనికి నేనూ వెళ్లేవాణ్ని. ఆ రియాక్టర్ మూడంతస్తుల ఇనుప మెట్ల పైన ఉంది. లోపలి గాలిని మీటర్‌తో చూశాం, బాగానే ఉంది. లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ కాగితం మీద అన్ని గడుల్లోనూ టిక్కులు ఉన్నాయి. నేను కింద గాలి ఊదే బ్లోయర్ గొట్టం నలిగిందేమో చూడటానికి దిగాను. అప్పుడే పైనుంచి రమేశ్ కేక వినపడింది.

"బావా! బావా, పలుకు! ఎవరన్న రండి! మనిషి పడ్డడు!"

ఆ మెట్లు నేను ఎలా ఎక్కానో నాకు తెలియదు. మోకాళ్లు సహకరించవు. ఒక్కో మెట్టుకూ పైకి చూస్తున్నాను. ఇనుప జాలీలోంచి మ్యాన్‌హోల్ పక్కన మనిషి కాళ్లు కనిపించాలి. కనిపిస్తే ఒకరు. కనిపించకపోతే ఇద్దరు. కేక ఆగిపోయింది. ఇంకో మలుపు తిరిగాక కటకటమని వించ్ పళ్ల చప్పుడు వినిపించింది.

రమేశ్ వించ్‌ను మోసే మూడు కాళ్ల ట్రైపాడ్ కాలికి తన కాలు మెలివేసి నిలబడ్డాడు. ఆ కాలు తనను తాను కట్టేసుకోవడానికని తర్వాత చెప్పాడు. రెండు చేతుల్తో వించ్ తిప్పుతున్నాడు. ఏడుస్తున్నాడు, తిడుతున్నాడు, కళ్లు మాత్రం మ్యాన్‌హోల్ మీదే. నేనూ చెయ్యి వేశాను. ఇంకో ఇద్దరు వచ్చారు. ఆంజనేయులు తల బయటికి వచ్చింది, పెదవులు నేరేడు పండు రంగు. ఆక్సిజన్ పెట్టాం. ఎంతకూ ఛాతీ కదలదు. కదిలింది. దగ్గాడు.

ఎందుకు పడ్డాడంటారా? నైట్రోజన్ పైపుకు బ్లైండ్ వేయాలి. బ్లైండ్ అంటే పైపును పూర్తిగా మూసే ఇనుప పళ్లెం. అది బిగించడానికి సగం పూట పడుతుందని ఎవడో వాల్వ్ తిప్పి మూసి, గడిలో టిక్కు పెట్టాడు. వాల్వ్ కారింది. ఆ టిక్కు పెట్టినవాడి పేరు నేను అడుగుతూనే ఉన్నాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆంజనేయులు సంగారెడ్డి ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉండి ఇంటికి వచ్చాడు. మళ్లీ ట్యాంకు దిగలేదు, ఇప్పుడు బొల్లారం రూట్లో షేర్ ఆటో నడుపుతున్నాడు. ఇంటికి వచ్చిన కొత్తలో చూడటానికి వెళితే మంచం మీదనుంచే బామ్మర్దిని ఏడిపిస్తున్నాడు. "నేను సస్తుంటే వీడు చెరుకు రసం బండి తిప్పినట్టు తిప్పుకుంట కూసున్నడంట తాతా."

అందరూ నవ్వారు. రమేశ్ నవ్వలేదు. నన్ను సాగనంపడానికి గల్లీ చివరిదాకా వచ్చి అడిగాడు. "తాతా, ఇంకొంచెం లేటైతే బావ పోతుండె. అప్పుడు గూడ మంచి పని చేసినవని అంటుంటివా?"

"అంటుంటి," అన్నాను.

"అక్క అంటుండెనా?"

ఆమె తరఫున నేను జవాబు చెప్పలేను. అదే ఈ కేసు నాకు నేర్పింది. మ్యాన్‌హోల్ బయట మనిషిని నిలబెట్టే మాట నా నోట్లో లేదు, రూల్ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు హోల్ వాచ్ కార్డు ఎవరికి కావాలన్నా, ఇంటినుంచి ఒకరిని వెంట తెచ్చుకొమ్మంటాను. కాంట్రాక్టర్లు పనిదినం పోయిందని అరుస్తారు, అరవనీ. వచ్చిన తల్లినో, భార్యనో, అక్కనో టీవీ ముందు కూర్చోబెట్టి రిమోట్ ఇస్తాం. బయటనే ఉండమనే ఆ మాట వాళ్ల నోటినుంచి వచ్చేదాకా నా పెన్ను జేబులోనే ఉంటుంది.

ఆ రోజు మాత్రం రమేశ్‌తో, "నన్నెందుకు అడుగుతవ్, ఇంట్లకు పోయి ఆమెనే అడుగు," అన్నాను. వాడు కదలలేదు. నేనే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయాను. సుజాత వాకిట్లో మొగుడి కోసం జావ కాస్తోంది. వాడు నిలబడి అదే మాట అడిగాడు. ఆమె గరిటె తిప్పడం ఆపలేదు. తల ఎత్తలేదు. తిప్పుతూనే అంది.

"అంటుంటి. ఏడ్సుకుంట అంటుంటి."